హెల్మెట్ల బల్ల నుంచి హలేయకలా దాకా

హలేయకలా కొండని సైకిలు మీద నా అంతగా దిగినవాడు హవాయిలోని మా మావీ దీవిలో ఇంకొకడు లేడు. టూరిస్టుల్ని వ్యాన్లో పైకి తీసుకెళ్లి, సైకిళ్లెక్కించి, గొర్రెల మందలా సముద్రం దాకా తోలుకురావడం నా ఉద్యోగం. ఎక్కడమంటారా? మతి ఉన్నవాడెవడైనా ఎక్కుతాడా? వ్యాను ఉన్నది అందుకే కదా.

గుండెకి ఆపరేషనయ్యాక మా ఓనరు నన్ను షెడ్డులో హెల్మెట్ల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. అప్పట్నుంచీ వచ్చినవాళ్ల తలకాయలు కొలవడమే నా పని. మళ్లీ సైకిలెక్కడానికి డాక్టరు ఎప్పుడో సరేనన్నాడు. ఓనరు మాత్రం పువా ఒప్పుకుంటే తనకేం అభ్యంతరం లేదని మెల్లగా తప్పుకున్నాడు. పువా నా భార్య, ఆ షెడ్డులోనే మెకానిక్కు. పొద్దున్నే బ్రేకు నొక్కి చూడందే ఏ సైకిల్నీ గేటు దాటనివ్వదు. నన్నైతే బియ్యం సంచి కూడా ఎత్తనివ్వదు. తుమ్మితే పరిగెత్తుకొచ్చి ఛాతీ మీద చెయ్యి పెడుతుంది. ఎంత ప్రేమైనా మరీ ఇంతా? చిర్రెత్తుకొచ్చేది.

ఒకరోజు ఇద్దరం గట్టిగా పోట్లాడుకున్నాక తనే షరతు పెట్టింది. సముద్రం నుంచి శిఖరం దాకా నేను సైకిలు తొక్కాలి, తను వ్యాన్లో వెనకే వస్తుంది. వ్యాను మీద నా చెయ్యి పడిందా, బతికినంతకాలం హెల్మెట్లే. పైకి చేరితే మళ్లీ గైడు ఉద్యోగం.

పాయియా ఒడ్డున ఆనవాయితీ ప్రకారం వెనక చక్రం అలల్లో ముంచి బయల్దేరాను. మకవావో ఊరు దాటేసరికి పొద్దున తిన్న మలసాదా బూరెల్లోని నూనె గొంతులోకి వచ్చింది. ఆ రోడ్డులో ఏ మలుపులో ఎంత బ్రేకు నొక్కాలో నిద్రలో అడిగినా చెబుతాను. ఎక్కేవాడికి ఆ విద్య దేనికి పనికొస్తుంది? కూలా దాటాక మా కంపెనీ మంద ఎదురొచ్చింది. ముందు ఫెర్డీ, నా ఉద్యోగంలో చేరినవాడు, కాళ్లు కదపకుండా దర్జాగా దిగుతున్నాడు.

"అంకుల్, దారి తప్పారు. సముద్రం ఇటు."

వాడి వెనక టూరిస్టులందరూ నవ్వారు. వాణ్ణి బూతులు తిట్టాలనిపించింది గానీ ఊపిరి చాల్లేదు.

శిఖరం చుట్టూ నేషనల్ పార్కు. దాని గేటు దాటాక కంపెనీ సైకిళ్లని రానివ్వరు, మా దిగుడు గేటు కిందే మొదలవుతుంది. అక్కడ నేనూ కొత్తవాడినే. మబ్బులు కిందికి పోయాయి, ఎర్రటి అగ్నిపర్వతపు బూడిద రాళ్లు మొదలయ్యాయి, వేళ్లు కొంకర్లు పోయాయి. సైకిలు ఏదో లాగి పట్టినట్టు కదిలేది. వయసనుకున్నాను, గుండె అనుకున్నాను, ఆపరేషన్ చేసినవాణ్ణి కూడా తిట్టుకున్నాను. ఒక అడవి బాతు రోడ్డు పక్కన నడుచుకుంటూ నన్ను దాటిపోయింది. పువా వ్యాను పక్కకి తెచ్చి అద్దం దించింది.

"ఛాతీలో ఏమన్నా ఉందా?"

"ఉంది. కోపం."

అద్దం ఎక్కించేసింది.

శిఖరం ముందు ఆఖరి ఎక్కుడు గోడలా నిలబడి ఉంటుంది. దాని మొదట్లోనే సైకిలు ఆగిపోయింది. పక్కన కూలబడ్డాను. హెల్మెట్ల బల్ల కళ్ల ముందు కనబడింది, నిజంగా ఏడుపొచ్చింది. అక్కసుకొద్దీ వెనక చక్రం పైకెత్తి చేత్తో తిప్పాను. అర చుట్టు కూడా తిరగకుండా నిలిచిపోయింది. వంగి చూస్తే బ్రేకు కట్టలు రెండూ రిమ్ముకి అంటుకుని ఉన్నాయి. సముద్రం దగ్గర్నుంచీ బ్రేకు వేసుకునే కొండెక్కానన్నమాట.

పువా వ్యాను దిగి వచ్చింది. చక్రాన్ని చూసింది, నన్ను చూసింది. మొహం పాలిపోయింది.

"నిన్న సాయంత్రం నేనే బిగించాను."

"నేను ఓడిపోవాలనా?"

"కాదు. ఎక్కుతావని అసలు అనుకోలేదు. సగంలో మానేసి, నా మీద కోపంతో వ్యానెక్కకుండా సైకిలు మీదే దిగుతావనుకున్నా. దిగేటప్పుడు పడిపోతావేమోనని భయమేసింది."

ఇంత అవమానం నాకెవరూ చెయ్యలేదు. ఇంత భయంతో నన్ను ప్రేమించినవాళ్లూ లేరు. పువా జేబులోంచి రెంచీ తీసి చక్రం దగ్గర కూర్చుంది.

"ముట్టుకోకు," అన్నాను. "నువ్వు బిగించిందాంతోనే ఎక్కుతా."

ఎక్కాను. తొక్కానంటే తొక్కాను, పాకానంటే పాకాను, మధ్యలో రెండుసార్లు పడ్డాను. వ్యాను మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు. శిఖరం మీద పువా అలవాటుగా నా ఛాతీ మీద అరచెయ్యి పెట్టింది. ఈసారి నేను తొయ్యలేదు. చాలాసేపు అలాగే ఉంచి, కళ్లు తుడుచుకుని, వ్యాన్లోంచి హెల్మెట్ తెచ్చి తనే నా తలకి పెట్టి పట్టీ బిగించింది.

"రేపు పొద్దున ఆలస్యంగా రాకు. గైడు లేకపోతే మంద కదలదు."

దిగేటప్పుడు మొదటి మలుపులో బ్రేకు నొక్కాను. నా సర్వీసులో అంత చక్కగా పట్టిన బ్రేకు ఇంకోటి లేదు. ఆ సంగతి పువాకి ఇంకా చెప్పలేదు.