రెండు రోజుల తేడా

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆమె పని ఇస్త్రీ యంత్రం దగ్గర. తడి దుప్పటికి ఒక అంచు ఆమె, రెండో అంచు జతగా పనిచేసే ఆవిడ పట్టుకుని, ముడత పడకుండా వేడి రోలర్ల మధ్యకు పంపాలి. టీ కోసం యంత్రం ఆపినప్పుడు ఫోను తీసి చూసుకుంది. పిల్లల ఫుట్‌బాల్ లీగు కార్యదర్శి కోచ్‌లందరికీ కబురు పంపాడు. వచ్చే సీజను నుంచి వయసు లెక్క మారుతోంది. ఇకమీదట జనవరి ఒకటి కాదు, ఆగస్టు ఒకటి.

ఆమె ఫోను జేబులో పడేసుకుంది.

"ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?" అని అడిగింది జతగా పనిచేసే ఆవిడ.

"అందరూ బాగానే ఉన్నారు. రూలు మారింది."

"మళ్లీనా?"

"మళ్లీ."

ఆ మాటలో కోపం లేదు. కోపానికి కూడా కాస్త ఓపిక ఉండాలి. ప్రతి ఏడూ ఏదో ఒకటి మారుతూనే ఉంది. ఒక ఏడు బంతి సైజు మారింది. ఒక ఏడు తలతో కొట్టకూడదన్నారు. ఆ ఆడపిల్లల జట్టుకు ఆమె కోచ్ అయిందే ఒక రూలు మారడం వల్ల. పిల్లలు ఆటలో చేరిన కొత్తలో, ప్రపంచమంతా పుట్టిన సంవత్సరాన్నే చూస్తోంది కాబట్టి మనమూ అదే చూడాలని, అప్పటిదాకా ఉన్న బడి సంవత్సరం లెక్క తీసేశారు. జట్లు చెల్లాచెదురయ్యాయి. ఉన్న కోచ్ విసుగెత్తి మానేశాడు. తల్లిదండ్రుల మీటింగులో ఆ పని ఎవరు చేస్తారని అడిగితే అందరూ ఎవరి చెప్పుల వంక వాళ్లు చూసుకున్నారు. ఆమె తలెత్తి చూసింది. అంతే, ఈల మెడలో పడింది. ఆట ఓనమాలు పిల్లలతో పాటే దిద్దుకుంది.

ఇప్పుడు, పిల్లలు తమ తరగతి వాళ్లతో ఆడితేనే ఆటలో నిలుస్తారని ఎవరో కనిపెట్టారట. అందుకని మళ్లీ పాత లెక్కకే వచ్చారు.

జట్టులో ఆమె కూతురు ఉంది, ఆమె అక్క కూతురూ ఉంది. ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో, ఒకే వారంలో పుట్టారు. నిజానికి ముందు రావలసింది ఈమె కూతురే. డాక్టరు చెప్పిన తేదీ దాటినా కడుపులోంచి కదల్లేదు. ఈలోగా అక్క కూతురు జులై ఆఖరి రోజున పుట్టేసింది. ఈ పిల్ల తీరిగ్గా ఆగస్టు రెండున వచ్చింది. పొడుగ్గా, కాళ్లు తప్ప మరేమీ లేనట్టున్న అక్క కూతురికి తాత కొంగ అని పేరు పెట్టాడు. ఈ పిల్ల పిట్ట అయింది. బడి లెక్కలో కొంగ ఒక తరగతి పైన ఉండేది. జనవరి లెక్క పుణ్యమా అని మైదానంలో మాత్రం ఇద్దరూ ఒక జట్టే. కొంగ ముందు ఆడుతుంది, గోల్స్ కొడుతుంది. పిట్ట గోల్‌కీపర్. కొత్త రూలు ప్రకారం కొంగ పెద్ద జట్టుకు వెళ్లాలి. పిట్ట చిన్న జట్టులోనే ఉండాలి.

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి అక్క వచ్చి కూర్చుని ఉంది. అక్కది పార్లర్‌లో జుట్టు కత్తిరించే పని. శనివారం పొద్దున్నే ఆమెకు ఊపిరి సలపదు. ఆటలూ శనివారం పొద్దున్నే. అందుకని మొదటి నుంచీ కొంగను తీసుకెళ్లడం, తీసుకురావడం పిన్నిదే.

"రెండు రోజులే. రెండు రోజుల తేడాకి పిల్లల్ని విడదీస్తారా? నువ్వు కోచ్‌వి కదా, అడగలేవా?" అంది అక్క.

"ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదక్కా."

"నా కూతురి నెత్తి మీదే గీయాలా? అక్కడ అందరికంటే చిన్నది ఇదే అవుతుంది. తొక్కేస్తారు. అయినా దాన్ని ఎవరు తీసుకెళ్తారు చెప్పు? వాళ్ల నాన్న ఊళ్లో ఉండడు, నాకు శనివారం సెలవు దొరకదు."

"కొంగని కిందికి దింపడం కుదరదు. పెద్దవాళ్లని చిన్నవాళ్లతో ఆడనివ్వరు. పిట్టని పైకి పంపమని అడగొచ్చేమో."

"అడుగు మరి. ఇద్దరూ ఒక చోటుంటే చాలు."

పిట్ట అవతలి గదిలో హోంవర్కు చేసుకుంటోంది. తలుపు తీసే ఉంది.

కార్యదర్శికి తాళాల దుకాణం ఉంది. మరునాడు పని అయ్యాక ఆమె అటు వెళ్లింది. గోడ నిండా మేకులు, మేకుల నిండా తాళంచెవులు. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఎవరిదో తాళంచెవికి నకలు చేస్తున్నాడు. ఆమెను చూడగానే యంత్రం ఆపేశాడు.

"మీరూ పుట్టినరోజు గురించేనా అమ్మా?"

"పొద్దున్నుంచీ అందరూ వస్తున్నారా?"

"ఒకాయనైతే వాళ్లావిడ నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో కూడా చెప్పాడు. అర్ధరాత్రికి ముందే పుట్టిందట, నర్సు గడియారం తప్పట." ఆయన స్టూలు ఆమె వైపు జరిపాడు. "రూలు నేను పెట్టలేదు. పైనుంచి వచ్చింది. పైవాళ్లని అడిగితే వాళ్ల పైవాళ్ల నుంచి వచ్చిందంటారు. పాతదే ఉంచమని సగం మంది, కొత్తదే బాగుందని సగం మంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం."

ఆమె సంగతి చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఒకరిని పైకి పంపితే రేపు ఇరవై మంది వస్తారు. కుదరదమ్మా," అన్నాడు. మళ్లీ తనే అందుకున్నాడు, "ఒక్క దారి ఉంది. కోచ్ పిల్లలు, కోచ్ ఉన్న జట్టులోనే ఆడొచ్చు, ఒక ఏడు తేడా ఉన్నా సరే. పెద్ద జట్టుకి ఇప్పుడు కోచ్ లేడు. ఉన్నాయన కూతురికి వయసు దాటిపోయింది, ఆయన మానేశాడు. ఆ జట్టుని మీరు తీసుకుంటే మీ అమ్మాయి మీతో వచ్చేస్తుంది. తీసుకోకపోతే ఈ సీజనుకి ఆ జట్టునే ఎత్తేయాలేమో. మీ అక్కగారి అమ్మాయితో సహా పిల్లలంతా ఇంట్లో కూర్చోవాలి."

పెద్ద జట్టంటే వారానికి రెండు రోజులు ప్రాక్టీసు, దూరపు మైదానాలు. ఆమెకు అప్పటికే నడుము లాగేస్తోంది. "చిన్న జట్టు ఎవరు చూస్తారు?" అని అడిగింది.

"మందుల షాపులో పనిచేసే కుర్రాడొకడు వస్తానన్నాడు. మంచివాడే."

ఆమె సరేనంది. సంతకం పెట్టి బయటికి వచ్చేసరికి వీధి లైట్లు వెలిగాయి. ఒక పెద్ద పని చక్కబెట్టానన్న తృప్తి కోసం బస్‌స్టాపు దాకా చూసింది. రాలేదు. కాళ్లు మాత్రం నొప్పెట్టాయి.

ఇంట్లో ఆమె భర్త ఉల్లిపాయలు తరుగుతున్నాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. వారాంతమొస్తే చాలు, ఎక్కడో ఒక మేడలో ఎవరో ఒకరు లిఫ్టులో ఇరుక్కుంటారు, అతనికి ఫోను వస్తుంది. ఆమె చెప్పిందంతా విని, "నీకు బొత్తిగా తీరిక ఎక్కువైంది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, లేచి ఆమెకు కుర్చీ ఇచ్చాడు.

"పిట్టా, నువ్వు అక్కతోనే ఆడతావు. ఒప్పించి వచ్చాను," అందామె.

పిట్ట కంచాలు పెడుతోంది. చేతిలోది కింద పెట్టి, "నేను వెళ్లను," అంది.

"ఎక్కడికి?"

"పెద్ద జట్టుకి. నేను మా క్లాసు వాళ్లతో ఆడతా."

ఆమెకు సరిగ్గా వినబడలేదేమో అనిపించింది. "అక్కని వదిలేసి?"

"అక్కతో ఉంటే నేను గోల్‌కీపర్‌నే కదమ్మా. మొదటి రోజు అక్క అక్కడ నిలబడు అంది, నిలబడ్డా. అప్పటినుంచి అక్కడే ఉన్నా. నాకు పరిగెత్తాలని ఉంది." పిట్ట మాట నెమ్మదిగానే ఉంది, కానీ వెనక్కి తగ్గే మాట కాదు. "నిన్న పెద్దమ్మ, నువ్వు మాట్లాడుకున్నారు. నన్ను అడుగుతారేమోనని చూశా."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు? కోచ్‌ని నేనే కదా."

పిట్ట కంచాల అంచులు సరిచేసింది. "నువ్వు అలిసిపోయి వస్తావు కదా. గోల్‌కీపర్ దొరకడం కష్టమని నువ్వే అంటావు."

తండ్రి కత్తి ఆపాడు. మరి కాసేపటికి తరగడం మొదలుపెట్టాడు.  ఎవరి కాలు నొప్పో, ఎవరు బూట్లు బిగుతై కుంటుతున్నారో పరుగు చూసే చెప్పగలనని ఆమె అనుకునేది. సొంత కూతురు ఇన్నేళ్లు ఒకే చోట నిలబడి ఏం చూస్తోందో ఆమెకు తట్టలేదు. జట్టుకు సౌకర్యంగా ఉంది కాబట్టి తట్టలేదు. మరీ దాచుకోకుండా ఆలోచిస్తే సంగతి అదే.

"సరే, నువ్వు మీ క్లాసు వాళ్లతోనే ఆడు," అంది చివరికి.

"నువ్వు?"

"నేను మాట ఇచ్చేశాను. నేను మానేస్తే ఆ పిల్లలకి ఆట ఉండదు."

పిట్టకు ఈ సంగతి తెలియదు. దాని ముఖం చిన్నబోయింది. అయినా మాట మార్చుకోలేదు.

అక్కకు ఫోనులో చెబితే ముందు నిష్ఠూరంగా మాట్లాడింది. "అంటే నీ కూతురు హాయిగా కింద ఆడుకుంటుంది, నా కూతురు దెబ్బలు తినాలి. అంతేగా?"

"నీ కూతురి జట్టుకి కోచ్‌ని నేనే అక్కా. ఎప్పటిలాగే శనివారం పొద్దున వచ్చి తీసుకెళ్తా. నా కూతురిని వేరేవాళ్లు చూసుకుంటారు."

అవతల హెయిర్ డ్రయ్యర్ మోత ఆగింది. తర్వాత అక్క, "నువ్వేమన్నా తిన్నావా?" అని అడిగింది. వాళ్లిద్దరి మధ్య క్షమాపణలు ఆ మాటతోనే జరుగుతాయి.

సీజను మొదలైంది. శనివారం పొద్దున్నే పిట్టను మందుల షాపు కుర్రాడికి అప్పగించి, కొంగను ఇంటి పాత కారులో ఎక్కించుకుని ఆమె మరో మైదానానికి వెళ్లేది. అక్కడ ఆట ముగించి, వలలు విప్పి, బంతులు సంచీలో వేసుకుని వచ్చేసరికి ఇక్కడ ఆఖరి నిమిషాలు నడుస్తూ ఉండేవి. కొన్నిసార్లు అవీ ఉండేవి కావు. పిట్ట గట్టు మీద కూర్చుని బూట్ల బురద పుల్లతో గీకుతూ ఉండేది. ఆ జట్టు గెలిచిన శనివారాలు తక్కువ. పిట్టకు అది పట్టినట్టు లేదు.

దిగులు పట్టింది కొంగకు. ఎప్పుడూ అందరికంటే పొడుగ్గా ఉన్న పిల్ల, పెద్ద జట్టులో పొట్టిది కాకపోయినా పలచనిది. బంతి కాలికి అందేలోపే ఎవరో ఒకరు భుజంతో తోసేసేవారు. రెండో ఆటలో ఆమె దాన్ని సగంలోనే బయటికి పిలవాల్సి వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు కొంగ కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. 

"పిన్నీ, నేను బాగా ఆడతాననే అనుకున్నా. పొడుగ్గా ఉన్నానంతేనా?" అంది కొంగ కాసేపటికి.

"పొడుగూ ఉంది, ఆటా ఉంది. ఇన్నాళ్లూ రెండోదాన్ని పెద్దగా వాడలేదు నువ్వు. వాడాల్సిన అవసరం రాలేదు."

"పిట్ట నన్ను వద్దందా?"

ఆ ప్రశ్న ఎప్పుడో వస్తుందని ఆమెకు తెలుసు. "నిన్ను కాదు. గోల్‌ని వద్దంది," అంది. కొంగ ముక్కు తుడుచుకుని, "అక్కడ నిలబడమంది నేనే," అంది. అంతకుమించి ఆ సంగతి వాళ్లు మాట్లాడుకోలేదు.

సీజను ముగిసే ముందు ఒక శనివారం పెద్ద జట్టు ఆట రద్దయింది. వయసు లెక్కలు మారి పిల్లలు అటూ ఇటూ అయిపోవడంతో, ఎదుటి జట్టుకు చాలినంత మంది పోగుకాలేదు. ఆమె, కొంగ నేరుగా పిట్ట మైదానానికి వెళ్లారు. ఆట అప్పుడే మొదలవబోతోంది. తల్లిదండ్రులు కూర్చునే వైపు ఎప్పుడూ కూర్చోలేదేమో, ఆమెకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పిట్ట మైదానం మధ్యలో ఉంది. ఆ జట్టులో దానికంటే పెద్దవాళ్లెవరూ లేరు. బంతి ఎటు పోతే అటు, అవసరమున్నా లేకపోయినా పరిగెడుతోంది. "నువ్వు వెనక్కిరా, నువ్వు అటు చూడు," అని చిన్నపిల్లలను అదమాయిస్తోంది. ఇంట్లో ఒక్కసారైనా వినని గొంతు అది. బంతి దొరికాక ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు. కొంచెం ముందే ఇచ్చేయాలి, తలెత్తి చూడాలి అని ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మందుల షాపు కుర్రాడు గీత దగ్గర నిలబడి, తొందరపడకుండా, అదే మాట చెప్పాడు. ఆమె వెనక్కి జారగిలబడింది.

వాళ్లు ఓడిపోయారు. ఆట అయ్యాక పిట్ట చెమటతో, బురదతో వాళ్ల దగ్గరకు వచ్చింది.

"మొదటి నుంచీ ఉన్నావా?" అని తల్లిని అడిగింది.

"మొదటి నుంచీ ఉన్నాను."

"మూడో గోల్ నా తప్పే."

"అవును, నీ తప్పే," అంది కొంగ. "నువ్వు లోపలికి ఎందుకు వచ్చావు? పక్కనే ఉండాల్సింది."

"నీకేం తెలుసు, నువ్వు ఎప్పుడైనా వెనక ఆడావా?"

"ఇప్పుడు ఆడుతున్నా. పిన్ని ఆడిస్తోంది."

ఇద్దరూ వాదించుకుంటూ కారు వైపు నడిచారు. మధ్యలో ఆగి, కొంగ నేల మీద కాలితో ఏదో గీసి చూపించింది. పిట్ట దాన్ని చెరిపి ఇంకోలా గీసింది. ఆమె లేవాలి, పొయ్యి మీదికి ఏదో ఒకటి ఎక్కించాలి, సోమవారానికి యూనిఫాం ఉతుక్కోవాలి. ఇంకాసేపు అక్కడే కూర్చుంది. పిల్లల్లో ఎవరూ తొందరపెట్టలేదు.