జాబితాలో లేని వెదురుగుంపు

ఆ శుక్రవారం సాయంత్రం అయిదులోపు రాజ్యశ్రీ చెయ్యాల్సిన పనులు: జంపక్క వేలిముద్ర వేయించడం, పోడుచేను ఫొటోలు స్కాన్ చెయ్యడం, వకాల్తా ఎక్కించడం, ఎక్స్‌ఎంఎల్ ఫైలు తయారుచేసి కోర్టుకు పంపడం. సోమవారం పొద్దున్నే జంపక్క చేలో అటవీశాఖ వాళ్ల మొక్కల కోసం గుంతలు తవ్వే మిషన్ దిగుతుంది. ఆలోపు స్టే రావాలి.

రాజ్యశ్రీ ఈ-ఫైలింగ్ కౌంటర్లో ఆపరేటరు. వాళ్లింట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి. ఎక్స్‌ఎంఎల్ అంటే ఏందని ఎవరడిగినా ఒకటే చెప్పేది: "మనిషికో గడి, ఊరికో గడి. ఒక్క గడి తప్పినా ఫైలు మొత్తం తిరిగొస్తది."

మూడు పనులు మధ్యాహ్నానికే అయిపోయాయి. నాలుగోది ఊరి గడి దగ్గర ఆగింది. అక్కడ ఊరిపేరు రాయడానికి లేదు, జాబితాలోంచి కోడ్ ఎంచుకోవాలి. జంపక్క ఊరు, అడవిలో ముప్పై ఇళ్ల వెదురుగుంపు, ఆ జాబితాలో లేదు.

"దొరకలేదా బిడ్డా?" గోడకానుకుని కింద కూర్చున్న జంపక్క అడిగింది.

"లేదవ్వా."

"ఓట్లప్పుడు జీపులు మంచిగనే దొరకబట్టినయ్. మీ మిషన్‌కే తొవ్వ తెల్వదా ఏంది?"

రాజ్యశ్రీకి నవ్వొచ్చింది. ఆ గడి ఖాళీగా వదిలి రెండుసార్లు ఫైలు పంపింది. రెండుసార్లూ తిరిగొచ్చింది. నాలుగున్నరయింది. జంపక్క లాయరు మురళీకృష్ణ తలుపు దగ్గర నిలబడి వాచీ చూసుకున్నాడు.

"పక్కనున్న రేగులపాడు కోడ్ కొట్టమ్మాయ్. పిటిషన్లో ఊరిపేరు రాశాంగా. జడ్జిగారు కాగితం చదువుతారు గానీ కోడ్ చదువుతారా?"

"తప్పు కద సార్?"

"అయిదు దాటితే అంతకన్నా పెద్ద తప్పు."

కొట్టింది. ఫైలు మారుమాట లేకుండా వెళ్లిపోయింది.

శనివారం స్టే వచ్చింది. అందులో కిందనున్న భూమి వివరాలు ఎవరూ కూర్చుని రాసినవి కావు. రాజ్యశ్రీ నింపిన గడుల్లోంచే వచ్చిపడ్డాయి. ఆమె ప్రింటు తీసి, చదవకుండానే జంపక్క చేతికిచ్చింది.

సోమవారం జంపక్క ఆ కాగితం పట్టుకుని మిషన్‌కు అడ్డం నిలబడింది. వచ్చినవాళ్లలో పెద్దాయన నిదానంగా చదివాడు. "ఇది రేగులపాడు భూమికమ్మా. ఇది వెదురుగుంపు. పక్కకు జరుగు."

మోకాలెత్తు జొన్న. మధ్యాహ్నానికి రెండెకరాల నిండా గుంతలు.

మంగళవారం జంపక్క వచ్చి అదే గోడకు ఆనుకుని కూర్చుంది. తిట్టలేదు. "కాగితం మంచిదేనంట బిడ్డా. ఊరే మాది కాదంట," అంది.

రాజ్యశ్రీకి ఏడుపు రాలేదు. సవరణ పిటిషన్ తెరిచింది. ఊరి గడి వచ్చింది. అదే జాబితా. గుంపు పేరు చేర్చమని పైకి రాసింది. అభ్యర్థన అందిందని జవాబు వచ్చింది. ఆ తరవాత ఏమీ రాలేదు. జంపక్క ఇప్పుడు కారేపల్లి వైపు మిరపకాయ ఏరే కూలికి పోతోంది. రాజ్యశ్రీ రోజూ కౌంటర్ తెరుస్తుంది, గడులు నింపుతుంది, అయిదింటికి మూస్తుంది.

ఎప్పుడన్నా ఏదో ఫారం నింపుతుంటే మీ ఊరిపేరు టక్కున దొరుకుతుంది. అప్పుడు ఒక్క క్షణం ఆగి, వెదురుగుంపు జంపక్కను తలుచుకోండి.