వజ్రాల వాన కింద రాట్నం

రోడ్డు మీద వంటావార్పుల అన్నం గంజి వంపుతున్న. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. కోరుట్ల నుంచి అచ్చిన ఒక అక్క నన్ను జూసి, "నువ్వేం పని జేస్తవమ్మా?" అన్నది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన మల్లేశం చెప్పిండు, "ఏం జెయ్యదక్కా, ఇంట్లనే ఉంటది."

గంజి వంపుడు ఆపి ఆయన దిక్కు గుర్రుగ జూసిన. సిరిసిల్లల మా ఇంటెనుక రేకుల షెడ్డుల ఆయన సాంచ, గదే కరెంటు మగ్గం, నడుపుతడు, బట్ట దిగుతది. ఆ బట్టల అడ్డంగ పోయే దారం కండెలకు చుట్టేది ఎవరు? నేనే. కరెంటు పోతే సాంచ ఆగుతది, ఆయన సమ్మె టెంటు కాడికి పోతడు. నేను రాట్నం ముందట కూసుంట, కరెంటచ్చేసరికి కండెలు తయారుండాలె గద. మా అత్త సత్యవ్వ దాన్ని పని అనది, ఉత్తగ కూసునే బదులు గదన్న జేస్తున్నది అంటది.

ఇంటికచ్చి గట్లనే కూసున్న. సార్లు సమ్మెల ఉన్నరని బడి బందు. నా బిడ్డ భాగ్య పక్కన బోర్ల పండుకొని పేపరు చదువుతున్నది. నెప్ట్యూన్ అనే గ్రహం లోపట వజ్రాల వాన పడుతదని సైంటిస్టులు అనుకుంటున్నరట. మన భూమి అడుగున గూడ బోలెడున్నయట, పైకచ్చేటియే తక్కువట. తక్కువ దొరుకుతయి గనుకనే గంత ధర, గంత పిరమే అమ్మా, అన్నది.

చెయ్యి రాట్నం తిప్పుతనే ఉన్నది, నేను మాత్రం ఆ నెప్ట్యూన్ మీదికి పోయిన. నీలం మొగులు. వజ్రాలు సన్నగ, సప్పుడు లేకుంట రాలుతున్నయి, కొప్పుల, కొంగుల, వాకిట్ల. ఎంత సక్కగున్నదో. గంతల సత్యవ్వ అచ్చి గా రాళ్లన్నీ ఊడ్చి అవుతల పొయ్యమన్నది. చీపురు వట్టుకొని ఊడ్సుడే ఊడ్సుడు. ఎంత ఊడ్సినా మల్ల పడుతనే ఉన్నయి, ఎవ్వరూ ఒక్కటన్న చేతుల పట్టి చూడలే. నాకు ఏడుపచ్చింది. ఆగకుంట దొరుకుతున్న గనుకనే నేను గూడ గీ ఇంట్ల గంత అగ్గువైన.

కరెంటచ్చింది. ఆయన టెంటు కాడికెల్లి అచ్చిండు, సాంచ మోగింది. జర సేపటికి, చుట్టిన కండెలు ఒడిసినయి, ఇంకిన్ని తెమ్మని షెడ్డుల నుంచి ఆయన కేక. నేను రాట్నం మీదికెల్లి చెయ్యి తీసి గోడకు ఒరిగిన.

"లేవు. నేను గూడ సమ్మెల ఉన్న."

సాంచ ఆగింది. ఆయన అచ్చి నా మొఖం జూసిండు, నవ్వుత అనుకున్నడేమో. నవ్వలే. ఆయనే రాట్నం ముందట కూసున్నడు. దారం తెగింది. ముడేసిండు, మల్ల తెగింది. సత్యవ్వ సూడలేక నన్ను లెవ్వుమన్నది. నేను లెవ్వలే.

"ఎట్ల జేస్తవే గిది?" అన్నడు ఆయన, మెల్లగ.

పెండ్లయిన కాన్నుంచి నా పని గురించి ఆయన అడిగిన మొదటి మాట. చెప్పుదామని నోటిదాంక అచ్చింది. మింగిన. ఇంకోసారి అడగనియ్యి.