పాత తాళం

కుందుజ్‌ను నేనెప్పుడూ చూడలేదు. కనుమ అవతలి ఊళ్ళో పదేళ్ళ పిల్ల, నెలనెలా ఇన్సులిన్ కావాలి. అందుకు ఆ ఊరి నర్సు పెట్టే అర్జీ, మందుల ఆఫీసులో నేను కాపలా కాసే సర్వర్‌కే వస్తుంది.

అర్జీలు దారిలో ఎవరి కంటా పడకుండా, పంపే కంప్యూటర్ వేసిన తాళంతో వస్తాయి. ఆ తాళాల్లో రెండు పాత రకాలను ఏ దొంగైనా విప్పేస్తాడని, ఆపెయ్యమని రాజధాని బిష్కెక్ నుంచి తాఖీదు వచ్చింది. నేను తొందరపడలేదు. ఎవరెవరు ఏ తాళంతో వచ్చారో సర్వర్ రాసుకునే లాగ్‌ను జూన్‌లో రెండు వారాలది తిరగేశాను. పాత తాళంతో ఒక్కరూ రాలేదు. సోమవారం పొద్దున్నే వాటిని తీసేసి సర్వర్‌ను మళ్ళీ నడిపించాను.

మర్నాటి నుంచి ఎవరో పాత తాళంతో వస్తున్నారు, సర్వర్ వెనక్కి నెట్టేస్తోంది. శుక్రవారానికి నలభై ఒక్కసార్లు. ఎవరా అని ఆరా తియ్యలేదు. మా అధికారి తోక్తోసున్‌కి చూపించి మురిసిపోయాను. ఆయన్ని బైకె, అంటే అన్నా, అని పిలుస్తాను.

"చూశావా బైకె, దొంగ వెధవ గుమ్మం వదలట్లేదు!"

"కొట్టుకోనీరా. వాడి వేళ్ళే అరుగుతాయి," అని నవ్వి టీ పోశాడు.

శనివారం మధ్యాహ్నం బురుల్చా ఎజె, అంటే బురుల్చా అక్క, వచ్చింది. కుందుజ్ వాళ్ళ ఊరికి ఉన్న ఒక్క నర్సు ఆమె. ఎనిమిది గంటల దారి, బొగ్గు లారీ ఎక్కి వచ్చిందట. చేతిలో ఖాళీ మందుల పెట్టె.

"మీ పేజీ తెరుచుకోదేం తమ్ముడూ? మేత కొండల నుంచి దిగిన రోజు నుంచీ నొక్కుతూనే ఉన్నా. ఫోన్ చేస్తే అర్జీ సైట్లోనే పెట్టమన్నారు. కుందుజ్‌కి మొన్నటితో మందైపోయింది."

ఆ నలభై ఒక్కసార్లూ గుమ్మం దగ్గర కొట్టుకున్నది ఈమే. జూన్‌లో ఊరంతా గొర్రెలతో కొండెక్కుతుంది, నర్సూ కొన్నాళ్ళు వెంట వెళ్తుంది, అప్పుడు అక్కడి నుంచి అర్జీలు రావు. గొర్రెలకాపరి కొడుకుని, నాకు తెలియదా? ఆ రెండు వారాలే చూశాను.

గోదాముకు పరిగెత్తి మందు తెచ్చి పెట్టె నింపాను. ఆమె మూత బిగిస్తుండగా ఫోన్ మోగింది. ఊరి నుంచి ఆమె మొగుడు. గొంతు నాకూ వినబడింది.

"ఇంక తొందరేం లేదే. ఏదైనా తిని, నిదానంగా రా."

చావు కబురు మా వాళ్ళు ఫోన్లో చెప్పరు.

ఎజె పెట్టె తెరిచి ఇన్సులిన్ సీసాలు తీసి ఒక్కొక్కటే నా బల్ల మీద పెట్టింది.

"మా కంప్యూటర్ మరీ పాతది తమ్ముడూ. కొత్తది అడగాల్సింది నేనే," అంది.

కాదు, తలుపు మూసింది నేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.