తూర్పు వాగు కప్పలు

భర్తకి చింతకాయ తొక్కు వడ్డిస్తుంటే ఆ గాజుసీసాని ఎక్కడో చూసినట్టనిపించింది కల్యాణికి. మూతమీద తన చేతిరాత ఇంకా పూర్తిగా చెరగలేదు. వడ్డన ఆపి స్టోర్‌రూమ్‌లోకి పరుగెత్తింది.

పది సీసాల్లో ఉండాల్సిన నలభై కప్పలు ఒకే ప్లాస్టిక్ డబ్బాలో, స్పిరిట్లో కుక్కి ఉన్నాయి. వాగూ నంబరూ రాసి కాళ్లకు కట్టిన చీటీ ఒక్కటీ మిగల్లేదు. నానిన కాగితాలు చూస్తే రోత పుట్టి పీకేశారట అత్తగారు రామతులసి. సీసాలు మాత్రం మూడుసార్లు తోమారట.

ఇనుప గనుల ఊరు బచేలీ పక్కన కొండకి తూర్పున ఒక వాగు, పడమట ఒక వాగు. క్యారేజీలు సర్దడానికీ ఆరిన బట్టలు మడతపెట్టడానికీ మధ్య మిగిలిన పొద్దులో మూడు వానాకాలాలు కల్యాణి వాటివెంట తిరిగింది. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఆ రెండు వాగుల కప్పలూ వేరు వేరు జాతులని నిరూపించడమే ఆమె పరిశోధన. ఏది ఏ వాగుదో తెలియకపోతే ఇక పరిశోధనే లేదు.

"అన్నీ కప్పలే కదా కల్యాణీ, ఎక్కడివైతే ఏముంది," అన్నాడు సత్యమూర్తి ముద్ద కలుపుతూ. గనిలో తన రాతి నమూనాలను ఎవరైనా ఇలా కలిపేస్తే ఆ మనిషిని ఆ రోజే ఇంటికి పంపేవాడు. కల్యాణి ఆ మాట అనలేదు. సీసాలో ఇదివరకు ఏముండేదో మాత్రం చెప్పింది. ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

మర్నాడు ముయె వచ్చింది. ఉసూర్ వైపు నుంచి కూలికొచ్చే, తెలుగు వచ్చిన మనిషి. కప్పల్ని పట్టేదీ, కల్యాణి రాసిన చీటీలు వాటి కాళ్లకు కట్టేదీ ఆమే. సంగతి విని డబ్బాలోంచి ఒక కప్పని తీసి, కాలికి మిగిలిన దారాన్ని తడిమింది.

"ఏంది మేడమ్, దారాలున్నయ్ గదా. నాకు చదువు రాదాయె. తూర్పు వాగుదానికి ఒక ముడి, పడమటిదానికి రెండు ముళ్లు ఏసిన. కలిసిపోతే తెల్వాలె గదా."

కల్యాణి నేలమీదే కూర్చుని, ముడులు చూస్తూ కప్పల్ని రెండు వరసలుగా పేర్చింది. ఒకవైపు పందొమ్మిది, ఇంకోవైపు ఇరవై ఒకటి. నోట్‌బుక్‌లోని కొలతలతో సరిపోల్చితే నంబర్లూ దొరికాయి. పరిశోధన దక్కింది. వెంటనే సిగ్గూ వేసింది. మూడేళ్లుగా ఆ ముళ్లు కళ్లముందే ఉన్నా, ముయె చేతిపనిలో చూసేదేముంటుందని తనూ చూడలేదు.

పరిశోధన పత్రంలో ముడుల సంగతి ఉన్నదున్నట్టు రాసింది. పైన రచయితలుగా రెండు పేర్లు: కల్యాణి, ముయె. జీపు ఇచ్చినందుకు సత్యమూర్తికి చివర్లో కృతజ్ఞతలు.

అది చదివి అతను ముఖం చిట్లించాడు. కూలికొచ్చే ఆమె పేరు పైనా, తన పేరు అడుగునా ఏమిటన్నాడు.

"అన్నీ పేర్లే కదండీ," అంది కల్యాణి. "ఎక్కడుంటే ఏముంది."