రెండో రోజు హాజరు

రాత పరీక్షలో నాకు వందకి తొంభై రెండు వచ్చాయి. పాఠం రాసుకోవడంలో నన్ను మించినవాడు లేడు. నల్లబల్ల మీద నా దస్తూరీ చూసి తోటి మాస్టర్లు కుళ్ళుకున్నారు. అయినా వయోజన విద్య టీచర్ల శిక్షణలో నేను ఫెయిలయ్యాను. పదిహేనేళ్ళు బడిపంతులుగా చేసినవాణ్ణి, ముప్ఫై మందిలో నేనొక్కణ్ణే తప్పాను. ఇప్పుడంటే నవ్వుతూ చెప్పుకుంటున్నాను గాని, ఆ రోజు తల తీసేసినట్టయింది.

అది అరవై ఎనిమిది, మే నెల. వేసవి సెలవుల్లో మమ్మల్ని నరసన్నపేటలో పది రోజులు కూర్చోబెట్టి, పెద్దవాళ్ళకి అక్షరాలు ఎలా నేర్పాలో చెప్పారు. ఆ తర్వాత రెండు రోజులు సముద్రం ఒడ్డున జాలర్ల ఊరు భావనపాడులో నిజంగా పాఠం చెప్పి చూపించాలి. నెగ్గినవాళ్ళకి సర్టిఫికెట్. అది ఉంటేనే సొంత ఊళ్ళో పెద్దల బడి నడపనిస్తారు. మా ఊళ్ళో ఆ బడి నాదేనని అందరికీ చెప్పేసి మరీ వచ్చాను.

మాకు శిక్షణ ఇచ్చింది నరసింగరావుగారు, రిటైరైన హెడ్మాస్టరు. ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. పైనుంచి వచ్చిన మార్కుల కాగితంలో పది అంశాలుంటే, కింద తన చేత్తో పదకొండోది రాశారు. రెండో రోజు హాజరు.

"మొదటి రోజు జనం ఊరి పెద్ద పిలిచాడని వస్తారు. రెండో రోజు వస్తే మీ కోసం వచ్చినట్టు. ఎవరూ రాకపోతే, పై పదింట్లో ఎన్ని మార్కులొచ్చినా సర్టిఫికెట్ ఇవ్వను" అన్నారు.

ఇదేం కొలత అనుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అయినా పెద్దాయన గదా అని ఊరుకున్నాను.

మధ్యాహ్నం చేపలమ్ముకుని వచ్చాక, భావనపాడు బడి వరండాలో నా వంతుకి పద్నాలుగు మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. రిజిస్టరు తెరిచాను. పేరు, భర్త పేరు, వయసు. మొదట కూర్చున్నది జగ్గమ్మ. యాభై ఏళ్ళ మనిషి, ఆ వాడలో ఆమె మాటకి ఎదురు లేదు. పక్కనే కోడలు అమ్మడు.

"భర్త పేరు?" అన్నాను.

జగ్గమ్మ నవ్వి తల దించుకుంది. వెనకనుంచి కూర్మమ్మ అనే ఆవిడ "జోగ..." అనబోయింది. నేను బల్ల మీద కర్రతో కొట్టాను. బళ్ళో ఒకళ్ళకి ఒకళ్ళు అందించడం నాకు గిట్టదు. పదిహేనేళ్ళుగా ఆ తప్పుకి ఎన్ని వీపులు చిట్లాయో లెక్కలేదు.

"ఎవరిది వాళ్ళే చెప్పాలి. పక్కవాళ్ళు అందించకూడదు."

"నాను సెప్పకూడదు బాబూ" అంది జగ్గమ్మ.

"ఇన్నేళ్ళు కాపురం చేసి మొగుడి పేరు తెలీదా? చెప్పేదాకా నిలబడు" అన్నాను.

నిలబడింది. పాఠం సగమయ్యేదాకా కోడలి పక్కన అలాగే నిలబడింది. నేను మాత్రం 'వల' అనే మాట మీద బ్రహ్మాండంగా పాఠం చెప్పానని సంతోషించాను.

మర్నాడు పద్నాలుగు పలకలు ముందు పేర్చుకుని కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు. నాలుగింటికి నరసింగరావుగారు వచ్చి, పలకలకేసి చూసి, నా పేరు పక్కన సున్నా చుట్టారు.

"వేట బాగా పడిందట సార్, అందరూ ఒడ్డునే ఉండిపోయారు" అన్నాను.

"అవతలి వరండాలో సోములికి పదకొండుమంది వచ్చారయ్యా. వాళ్ళదీ ఈ ఒడ్డే."

ఆ సోములు మెట్రిక్ తప్పినవాడు. వాడి అక్షరాలు కుక్క గోకినట్టుంటాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నేనేం తప్పు చేశాను సార్?"

"నన్నడుగుతావేం? వెళ్ళి వాళ్ళనడుగు."

వెళ్ళాను. జగ్గమ్మ ఇసకలో చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏటి బాబూ, మళ్ళీ నిలబెడతావేటి?"

"ఎందుకు రాలేదో చెప్పు జగ్గమ్మా."

"మొగుడి పేరు ఆడది సెప్పకూడదు. నాను సెప్పలేకపోతే పక్కావిడ సెప్తాది. దాని మొగుడి పేరు నాను సెప్తాను. ఒకలికి ఒకలు సెప్పుకోకండి అంటే మాకు బతుకే లేదు. నా కోడలి ముందర సంటిపిల్లని నిలబెట్టినట్టు నిలబెట్టినావు. ఇంకేటి సదువు?"

మా ఆవిడ ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా నా పేరు ఎత్తలేదు. రేషను కార్డుకి వెళ్తే పక్కింటి పిన్నిగారే చెప్పింది. అది నాకు తెలియక కాదు. చేతిలో రిజిస్టరుంటే నాకు ఇల్లూ వాకిలీ గుర్తుండవు. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పు నాదే. రేపు రా జగ్గమ్మా" అన్నాను.

"సూద్దాం" అంది, చేపలు తిరగేస్తూ.

మర్నాడు పొద్దున్న అందరూ బస్సెక్కారు. నాకింకో రెండు రోజులిమ్మని నరసింగరావుగారిని బతిమాలాను. "కొలత అందరికీ ఒకటే. ఇంకో శిక్షణ ఆరు నెలలకి" అన్నారాయన. "అయితే నేనిక్కడే ఉంటాను" అన్నాను. మాస్టర్లు బస్సులోంచి నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. పద్నాలుగు మంది నా వల్ల చదువు మానేశారని తెలిసి ఏ మొహంతో ఊళ్ళో బడి పెట్టను?

ఆ మధ్యాహ్నం ఐదుగురు వచ్చారు, అమ్మడుతో సహా. జగ్గమ్మ రాలేదు. రిజిస్టరు తీసి, "ఎవరి భర్త పేరు వాళ్ళు చెప్పొద్దు. పక్కావిడ చెప్పండి" అన్నాను. ఒకటే గోల, నవ్వులు. అక్షరాలూ అలాగే సాగాయి. ఒకావిడ ఆగితే నలుగురు అందించేవారు. నా చెయ్యి కర్ర మీదకి పోయేది, బలవంతాన ఆపుకునేవాణ్ణి. పాత అలవాటు అంత తొందరగా చస్తుందా? మర్నాడు తొమ్మిదిమంది అయ్యారు. నాలుగో రోజు జగ్గమ్మ వచ్చింది, మిగతా నలుగురినీ వెంటబెట్టుకుని.

"నా మూలాన నువ్వు తప్పినావంట గదా" అంది. "ఆ పెద్దాయనకి కాగితం రాయి. ఈ పంతులు బాగా సెప్తన్నాడని రాయి. పద్నాలుగు మందిమీ ఏలిముద్రలు ఏసెత్తాం."

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఆ కాగితం పట్టుకెళ్తే ఆయన కాదనలేకపోవచ్చు.

"వేలిముద్రలు నాకొద్దు. బడులు తెరవడానికి ఇరవై రోజులుంది. ఆ కాగితం మీద పద్నాలుగు సంతకాలుండాలి. అప్పుడే పట్టుకెళ్తాను" అన్నాను.

జగ్గమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఇరవై రోజుల్లో నాకు రాకపోతే?"

"నేను మళ్ళీ ఫెయిలైనట్టు."

ఆమె కింద కూర్చుని పలక అందుకుంది.

"అయితే సరిగ్గా సెప్పు" అంది.