ఇంటిదాకా మాట్లాడకూడదు

కొడుకును తీసుకురావడానికి మాజుంగు బయలుదేరుతుంటే, ఆమె బావగారు భెకాని మబాసో ఒకటికి పదిసార్లు చెప్పిన మాట ఇదే.

"ఇంటిదాకా మాట్లాడకూడదమ్మా. వాడితో తప్ప ఇంకెవరితోనూ పెదవి విప్పకు. వాగు వస్తే వాగు దాటుతున్నామని చెప్పు, మలుపు వస్తే మలుపు తిరుగుతున్నామని చెప్పు. బతికున్నవాళ్ళతో ఒక్క మాటన్నావా, వాడు అక్కడే దిగిపోతాడు."

పెద్దకొడుకు మెంజి పోయి నాలుగు నెలలైంది. శవం ఇంటికొచ్చింది, పూడ్చారు, ఏడ్చారు. మనిషి మాత్రం రాలేదు. రోడ్డు మీద పోయినవాడు రోడ్డు మీదే ఉంటాడు. అయినవాళ్ళు ముళ్ళరేగు కొమ్మ పట్టుకెళ్ళి పిలిచేదాకా పోయినచోటే నిలబడి ఉంటాడు. ఆ సంగతి మబాసోల ఇంట్లో ఎవరూ మర్చిపోవడానికి వీల్లేకుండా పోయింది. వంటగుడిసె తలుపు ఎంత గట్టిగా వేసినా తెల్లారేసరికి బార్లా తెరిచి ఉండేది. రెండోవాడు దుమిసా నిద్రలో అన్నతో కబుర్లు చెప్పేవాడు, అన్న ఏదో అన్నట్టు ఆగి, నవ్వేవాడు. పక్కగదిలో మాజుంగు దుప్పటి నోట్లో కుక్కుకుని వినేది.

రివాజు ప్రకారం కొమ్మ పట్టవలసింది ఇంటికి పెద్దయిన భెకానియే. తుంటి నొప్పితో ఆయన కారెక్కలేని స్థితిలో ఉన్నాడు. "నా కడుపున పుట్టినవాడు, నా గొంతు గుర్తుపడతాడు," అని మాజుంగు ముందుకొచ్చింది. కారు దుమిసాది. ఆదివారం పొద్దున్నే తల్లీకొడుకులిద్దరూ మెంజి పోయిన ఎన్యోని కొండకు వెళ్ళారు.

కొండ మలుపులో వంగిన ఇనుపకడ్డీ ఇంకా అలాగే ఉంది. గడ్డిలో గాజుపెంకులు మెరుస్తున్నాయి. మాజుంగు మోకాళ్ళ మీద కూర్చుని కొమ్మను ఆ గడ్డి మీద ఆనించింది.

"మెంజీ, నేన్రా, అమ్మని. చాలాసేపు నిలబెట్టాం నిన్ను. పద, ఇంటికి పోదాం."

గాలి లేదు. ఆకు కదల్లేదు. కొమ్మ మాత్రం ఆమె చేతిలో బరువెక్కింది. నీళ్ళు నింపిన బిందె ఎత్తినట్టు రెండు చేతులూ వాడాల్సి వచ్చింది. వెనకసీట్లో కూర్చుని ఒళ్ళో పెట్టుకుంటే తొడలు నొప్పెట్టాయి. ఆ నొప్పికి ఆమెకు ఎంత సంతోషమేసిందో చెప్పలేం. పసివాడుగా ఉన్నప్పుడు కూడా మెంజి బరువుగానే ఉండేవాడు.

"మెంజీ, మలుపు దిగుతున్నాం," అంది. ముందు దుమిసా కళ్ళు తుడుచుకుంటూ నడుపుతున్నాడు.

నాలుగు రోడ్ల కూడలిలో కొట్టు దగ్గర కారు ఆపాడు. "నీళ్ళు తెస్తానమ్మా," అని వెళ్ళి, ఆరు బీరు డబ్బాలతో వచ్చాడు. మాజుంగు కళ్ళు పెద్దవి చేసి చూసింది. చూడటం తప్ప ఏం చెయ్యగలదు?

"ఏంటమ్మా ఆ చూపు? నాకు చేతులు వణుకుతున్నాయ్. ఒక్కటి పడితే కుదురుకుంటాయ్. అయినా అన్నకి దాహం వెయ్యదా? పెద్దలకి కల్లు పొయ్యకుండా ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళు ఉన్నారా మనలో?" అంటూ ఒక డబ్బా తెరిచి సీట్ల మధ్య గుంటలో నిలబెట్టాడు. "ఇది నీదన్నా. ఇది నాది."

నోటికి తాళం పడ్డ మనిషి ఏం చేస్తుంది? మాట్లాడటానికి ఆమెకు మిగిలిన మనిషి ఒక్కడే. కొమ్మ మీద చెయ్యి వేసి, గొంతు పెంచింది.

"మెంజీ, కూడలి దాటుతున్నాం. నీ తమ్ముడు బీరు తెరిచాడు. నువ్వు పోయింది ఇలాగేనని వీడికి గుర్తులేదు కాబోలు."

దుమిసా అద్దంలోంచి చూసి పకపకా నవ్వాడు. "చచ్చిపోయినవాడి దగ్గర చాడీలా! బాగుందమ్మా. అన్నా, విన్నావా? నీ దగ్గర కూడా నేను తిట్లు తినాల్సిందే."

రోడ్డు పక్కన పెద్ద బోర్డు ఉంది. నుజ్జయిన కారు బొమ్మ, తాగి నడపవద్దని ఎర్రటి అక్షరాలు. బోర్డు నీడలో మేకలు పడుకుని ఉన్నాయి. దుమిసా దానికి డబ్బా ఎత్తి సలాం కొట్టాడు. "భయపడకమ్మా, ఆదివారం పోలీసులు కూడా చర్చిలోనే ఉంటారు."

మాజుంగుకు ఒళ్ళు మండింది. ఆ మంట వాడి మీదో, తన మీదో ఆమెకే తెలియలేదు. పదేళ్ళు ఆమె కూడా ఇలాగే నవ్వింది కదా. మెంజి తూలుతూ వస్తే గేటు తీసి, అన్నం వేడిచేసి పెట్టి, మర్నాడు బావి దగ్గర ఆడవాళ్ళతో గొప్పలు పోయింది. "మా వాడు ఎంత తాగినా ఇల్లు తప్పడు. ఆ కారుకే దారి తెలుసు," అనేది. అందరూ నవ్వేవారు. ఒక్కసారైనా, ఒక్కసారంటే ఒక్కసారైనా ఆ తాళాలు లాక్కుని నూతిలో పారెయ్యలేకపోయింది. కొడుకును ముద్దు చేసి చంపుకున్న తల్లిని తానే అనుకుంది.

దుమిసా రెండోది తెరిచాడు. ఆ తరవాత మూడోది.

అప్పుడు ఆమె చూపు సీట్ల మధ్యనున్న డబ్బా మీద పడింది. మెంజి కోసం పెట్టిన డబ్బా. మూతి దాకా ఉన్న నురగ కనపడటం లేదు. కుదుపులకు ఒలికిందేమోనని చేత్తో కింద తడిమింది. పొడిగా ఉంది. చేతివేలితో డబ్బాను తట్టి చూసింది. సగానికి పైగా ఖాళీ.

దుమిసా దాన్ని ముట్టుకోలేదు. ఆమె కళ్ళెదుటే ఉన్నాడు, వాడి ఎడమచెయ్యి గేరు మీదే ఉంది.

"ఆఁ, గుర్తుంది," అన్నాడు దుమిసా. ఆమెతో కాదు. పక్కనున్న ఖాళీ సీటు వైపు తల తిప్పి అన్నాడు. కాసేపు విన్నాడు. నవ్వాడు. "ఛ, నేనా? నీకంటే నేనే బాగా తోల్తాను. చూస్తావా?"

కారు వేగం పెరిగింది.

మాజుంగు తొడల నొప్పి తగ్గిపోయింది. కొమ్మ బరువు అలాగే ఉంది, కానీ ఇప్పుడు ఒళ్ళోకి కాదు, దాని కొస ముందుకు లాగుతోంది, సీట్ల మధ్యలోంచి ఎవరో పట్టుకున్నట్టు. డ్రైవరు పక్కసీటు మెత్త కిందికి అణిగి ఉంది. మనిషి కూర్చుంటే ఎంత అణుగుతుందో అంత. ఆ సీటు వైపు అద్దం మీద మాత్రమే ఆవిరి పట్టింది. మిట్టమధ్యాహ్నం, బయట రాళ్ళు పేలిపోయే ఎండ.

"మెంజీ," అంది. కొమ్మను వెనక్కి గుంజింది. "మెంజీ, ఏటి వైపు దిగుతున్నాం. తమ్ముణ్ణి వదిలెయ్ నాన్నా. వాణ్ణి నడపనియ్."

"ఇంకా లేపమంటావా అన్నా?" అన్నాడు దుమిసా. "సరే, పట్టుకో!"

తుగేలా ఏటి వంతెనకు దిగే దారి అది. పక్కనే లోయ. ఇరుకు మలుపులు మూడు, ఆ కింద ఒకటే బండి పట్టే వంతెన. మొదటి మలుపులో టైర్లు కీచుమన్నాయి. మాజుంగు తల అద్దానికి కొట్టుకుంది. దుమిసా ముఖం అద్దంలో కనపడింది. అంత ఆనందంగా వాణ్ణి ఆమె నాలుగు నెలలుగా చూడలేదు. అప్పుడర్థమైంది ఆమెకు. పెద్దవాడు ఇంటికి రావడం లేదు. ఒక్కడే నిలబడి నిలబడి విసిగిపోయాడు. తోడు కావాలి వాడికి, తోడు తీసుకుపోతున్నాడు.

"మెంజీ! నీ కాళ్ళు పట్టుకుంటాను, వదిలెయ్!"

రెండో మలుపు. మూడోది కూడా దాటేసరికి ఎదురుగా వంతెన మీదికి ఒక లారీ ఎక్కుతోంది.

మాజుంగు కళ్ళు మూసుకుంది. ఒక చేతిలో చనిపోయిన కొడుకు ఉన్నాడు. నాలుగు నెలలు ఎదురుచూసిన కొడుకు.

"దుమిసా!" అని అరిచింది. "ఆపరా!"

వాడు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. తల్లి ఎవరి పేరు పిలిచిందో, పిలిచి ఏం పోగొట్టుకుందో వాడికి ఆ క్షణంలోనే తెలిసింది. రెండు కాళ్ళతో బ్రేకు తొక్కాడు. కారు గిర్రున తిరిగి, ముందుచక్రం వంతెన ఇవతల రోడ్డంచు రాతికి తగిలి ఆగింది. లారీవాడు హారన్ మోగిస్తూ పక్కనుంచి పోయాడు.

పక్కసీటు మెత్త మెల్లగా పైకి లేచింది. కొమ్మ మాజుంగు చేతిలో ఎండుపుల్లలా తేలికైపోయింది.

"మాట్లాడావమ్మా," అన్నాడు దుమిసా.

"మాట్లాడాన్రా," అని, ముందుకు వంగి తాళాలు లాక్కుంది.

కారును అక్కడే వదిలేసి రోడ్డు మీద నాలుగు గంటలు కూర్చున్నారు. చివరికి చర్చివాళ్ళను దింపి ఊరివైపు వస్తున్న మినీబస్సు దొరికింది. డ్రైవరు ఆమె చేతిలో కొమ్మ చూసి టోపీ తీశాడు. కొమ్మతో వచ్చేవాళ్ళు పోయినవాళ్ళకు కూడా సీటు కొంటారన్నది అతనికి తెలియనిదా.

"మూడు సీట్లా అమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

"రెండే," అంది మాజుంగు.

దారిలో దుమిసా ఆమె చెవిదగ్గర గొణిగాడు. "వచ్చాడనే చెప్పమ్మా. కొమ్మ ఉందిగా చేతిలో. ఎవరికి తెలుస్తుంది?" నిజానికి ఆమెకూ ఆశ పుట్టింది. ఆ ఒక్క అబద్ధంతో ఇంటి దగ్గర విందుకు కూడినవాళ్ళంతా తృప్తిగా తిని లేస్తారు.

ఇంటి ముంగిట్లో గుడారం వేశారు. మేకను కట్టేశారు. ఏడు కార్లు వరసగా నిలబడ్డాయి, వాటి ఆసాములు పొద్దుటినుంచీ జొన్నకల్లు కుండ చుట్టూ కూర్చున్నారు. భెకాని కర్ర ఊతంతో గేటు దాకా వచ్చాడు.

"వచ్చాడా?"

మాజుంగు కొమ్మను చూసుకుంది. "రాలేదు బావగారూ. తుగేలా దగ్గర నేను మాట్లాడాను. వీడు తాగి నడుపుతుంటే, వీడి పేరు పెట్టి పిలిచాను."

దుమిసా నేల మీద కూలబడ్డాడు. భెకాని పడమటి వైపు చూసి, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంకా పొద్దుంది. మా తాత చెప్పేవాడు, దిగిపోయినవాడు ఆ పొద్దు గూకేదాకా దిగినచోటే చూస్తూ ఉంటాడని. ఆ తరవాత వాడికి మన దారి గుర్తుండదు, ఎవరు పిలిచినా రాడు. వెంటనే వెళ్ళమ్మా. మినీబస్సేది?"

"వెళ్ళిపోయింది."

"అయితే మన కార్లున్నాయిగా. ఎవర్రా, లేవండి!"

ఎవరూ లేవలేదు. ఒకడు గ్లాసు కాలి వెనక దాచుకున్నాడు. ఒకడు టోపీలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ ఇంట్లో బండి నడపడం వచ్చిన ఆడది ఒక్కతే, ఆమె ఎక్కడో దూరాన డర్బన్‌లో నర్సు. ఏడు కార్లున్నాయి, నడపగలిగే మనిషి ఒక్కడు లేడు. అంత సిగ్గు ఆ ముంగిట్లో ఎప్పుడూ ఎవరూ పడి ఉండరు.

చివరికి భెకాని కొడుకు లుంగా లేచాడు. తాళాలు గలగలమనిపించాడు. "నేను తీసుకెళ్తా పిన్నీ. రెండంటే రెండే గ్లాసులు పట్టాను. నాకు ఎక్కదు, నీకు తెలుసుగా. ఇరవై నిమిషాల్లో వంతెన దగ్గరుంటాం."

మాజుంగు అతని కళ్ళలోకి చూసింది. అతని వెనక భార్య నిలబడి ఉంది, వీపున పసిబిడ్డను కట్టుకుని. సూర్యుడు కొండకు ఇంకా బెత్తెడు పైనే ఉన్నాడు. అక్కడ వంతెన మీద మెంజి నిలబడి, అమ్మ వస్తుందా అని రోడ్డు చూస్తుంటాడు. ఆమె అడుగు ఒకటి కారు వైపు పడింది కూడా.

"కూర్చో నాయనా," అంది.

"పిన్నీ, పొద్దు పోతుంది..."

"కూర్చో. ఆ తాళాలు ఇలా ఇయ్యి."

అతనిచ్చాడు. ఆమె గుడిసె గడప మీద కూలబడి, కొమ్మను ఒళ్ళో పెట్టుకుని కొండకేసి తిరిగింది. పక్కన ఎవరున్నారో చూసుకోకుండా, పైకే అంది.

"మెంజీ, నాన్నా, నేను రావట్లేదు. నిన్ను తెచ్చుకోవడానికి ఇంకొకణ్ణి నీ దగ్గరికి పంపలేన్రా."

పొద్దు గూకేదాకా ఆమె అక్కడే కూర్చుంది. దుమిసా వచ్చి ఆమె పాదాల దగ్గర కూర్చున్నాడు. ఆమె ఒక చెయ్యి వాడి తల మీద వేసి ఉంచింది.